యయాతి బుల్లెట్టు

యయాతి మహారాజునకు శుక్రాచార్యుల శాపమువలన అకాల వార్ధక్యము సంప్రాప్తించినప్పుడు, ఆయన తన కుమారులను ఒక్కొక్కరినే పిలిచి, తన ముసలితనము పుచ్చుకొని యౌవనము బదులిమ్మని యాచించెను. యదువు ఇయ్యననెను. తుర్వసుడును, ద్రుహ్యుడును, అనువును అట్లే మొగము చాటుచేసిరి. కడపటివాడైన పూరువు మాత్రము తండ్రి ముడుతలను తాను గైకొని తన పడుచుదనమును ధారపోసెను. ఆ కాలమున మోటారు సైకిళ్ళు లేకపోవుటచేత ఆ మహారాజునకు ఇంత శ్రమ కలిగినది. నేడైనచో ఆయన కుమారుల గడ్డము పట్టుకొన నక్కరలేక, బ్యాంకువారిని పిలిచి, నెలసరి వాయిదాలపై 350 సీసీల యౌవనమును ఇంటికి తోలుకొని వచ్చియుండును.

ఇది పరిహాసమునకు చెప్పిన మాటయే యైనను అసత్యము కాదు. మన పట్టణములలోని పెద్దమనుష్యులను కొంచెము పరికింపుడు. ఇంటి అప్పు తీరినది. పెద్దపిల్ల పెండ్లి యయినది. రక్తపుపోటునకు మాత్ర మొదలయినది. ఈ మూడు శుభకార్యములును ముగిసిన సంవత్సరముననే వారికి మోటారు సైకిలుపై మనసు పోవుచున్నది. తరువాత నల్లతోలు కోటు వచ్చును. రాజమహేంద్రవరపు వైశాఖమాసపు ఎండలో తోలుకోటు తొడుగుకొని కోటగుమ్మము చుట్టి వచ్చిన పెద్దమనిషి లోలోపల ఎంత ఉడికినాడో ఆయన ధోవతి ఉతికిన చాకలికి తెలియును గాని, చూచువారికి తెలియదు. అటుపిమ్మట లడకు పోవలెనను సంకల్పము కలుగును. ప్రక్కవీధిలోని కూరగాయల అంగడికి నడచిపోవుటకు మోకాళ్ళు నొప్పియని చెప్పినవారే ఖర్దుంగ్ లా కనుమను గూర్చి ప్రసంగించెదరు.

వయస్సు మళ్ళినవాడు మోటారు సైకి లెక్కుట తప్పని మేము వాదింపబోము. కాలు నేలకందినంతవఱకు, కన్ను దారి చూచినంతవఱకు నిశ్చింతగా నెక్కవచ్చును. మా తగవు బండితో కాదు, బండికి తగిలించిన బిరుదుతో. మోటారు సైకిలు ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోవు సాధనమని కాక, అది పురుషత్వమునకు ధ్రువపత్రమని మన సమాజము కొన్ని తరములుగా నమ్ముచున్నది. ఆ నమ్మకమే కుఱ్ఱవానిని వేగమునకును, పెద్దవానిని బుకాయింపునకును పురికొల్పుచున్నది. ధ్రువపత్రము కావలసినవాడు తన బలహీనత నొప్పుకొనలేడు. నొప్పుకొననివాడు జాగ్రత్తపడడు. చిక్కంతయు నక్కడనే యున్నది.

ఈ ధ్రువపత్రమును మన దేశమున జారీచేయుచు వచ్చిన అధికారి బుల్లెట్టు బండి యొక్క కిక్కు. పాత పోతయినుప ఇంజనుగల బుల్లెట్టును ఎఱిగినవారు ఈ మాటకు తలయూపుదురు. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. అంతటి పిస్టను పైన చిక్కుపడిన గాలిని మనుష్యుని కాలిబలముతో నణచవలెను. ఊరక తన్నినంతమాత్రమున అది లేవదు. మొదట తాళము త్రిప్పవలెను. కిక్కును మెల్లమెల్లగా నొక్కుచు అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువఱకు నిదానించి చూడవలెను. అప్పుడు డీకంప్రెషను మీట లాగి, లోని గాలిని విడిచిపెట్టి, కిక్కును ఇంచుక దింపి, మీట వదలి, కిక్కును మఱల పైకి రానిచ్చి, ఆ పిమ్మట దేహభారమంతయు మోపి ఒక్క తన్ను తన్నవలెను. సంధ్యావందనమునందైనను ఆచమనము తప్పినచో మఱల చేయవచ్చును. ఇక్కడ క్రమము తప్పినచో కిక్కు ఎదురుతన్ను తన్నును. ఆ తన్ను తగిలిన చీలమండకు పది దినములు సున్నిపిండి కట్టును, ఇంటివారి సానుభూతియు తప్పవు.

ఈ తంతును అరుగుమీద కూర్చుండి చూచినవారందఱు అది బలపరీక్ష యని భావించిరి. మా యభిప్రాయము వేఱు. వ్యాయామశాలలో రాటుదేలిన పహిల్వాను పదునాలుగు తన్నులు తన్ని చెమటలు క్రక్కుచుండగా, బక్కచిక్కిన మేస్త్రి వచ్చి ముల్లు చూచి మీట లాగి ఒక్క తన్నుతో దానిని లేపుట ప్రతి ఊరిలోను కంటబడెడు దృశ్యమే. అది బలమునకు లొంగు యంత్రము కాదు, తెలివికి లొంగునది. ఏబదియేండ్లవానికి ఇరువదియేండ్లవానికంటె ఎక్కువ వశమయ్యెడి యంత్రము లోకమున ఏదైన నున్నచో అదియే. వయస్సునకు అంత మర్యాద చేసిన బండిని మనము మగతనపు లెక్కలో వ్రాసికొంటిమి! తరువాత మీటనొక్కు స్టార్టరు వచ్చినది. 2021లో వచ్చిన క్లాసిక్కునకును, 2023లో వచ్చిన క్రొత్త బుల్లెట్టునకును కిక్కే లేదు. బొటనవ్రేలితో నొక్కిన చాలును, అది మేల్కొనును. పెద్దవాని అనుభవమునకు పని పోయినది. మిగిలినది చప్పుడు మాత్రమే. మన యువకులు ఆ చప్పుడును కూడ చాలదని సైలెన్సరు విప్పి మఱియొకటి తగిలింపగా, నగరములలో పోలీసువారు అట్టి సైలెన్సరులను వీధిలో వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో త్రొక్కించుచున్నారు. పురుషత్వమునకు ఇంతటి బహిరంగ పరాభవము ఏ పురాణమునను జరుగలేదు.

బుల్లెట్టుతో బాటు వచ్చెడి మఱియొక అపాయమును గూర్చి హెచ్చరింపక తప్పదు. పాత బండికి గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద నుండెడివి. క్రొత్తబండ్లకు గేరు ఎడమకును, బ్రేకు కుడికిని మాఱినవి. పాతికేండ్ల క్రిందట నేర్చిన విద్యను మనసు మఱచినను కాలు మఱవదు. ఇరువదియేండ్లు కారులో కూర్చుండి, మఱల బండి యెక్కిన పెద్దమనిషి, గేదె అడ్డము వచ్చిన క్షణమున తనకు తెలియకయే ఎడమకాలితో అదుమును. బండి ఆగదు, గేదెయు తొలగదు. పదిదినములు ఖాళీ మైదానమున తిరిగి కాలికి క్రొత్తపాఠము చెప్పించుట నామోషీ యని తలచువారు గేదెవలన నేర్చికొనవలసి యుండును.

ఇంతకును ఈ బుల్లెట్టు ఎవరిది? ఇంగ్లండులో రెడిచ్ అను పట్టణమున, ఎన్‌ఫీల్డునందలి తుపాకుల కర్మాగారమునకు విడిభాగములు చేసి యిచ్చిన కంపెనీవారు ఆ తుపాకులపేరే తమ సరకునకు పెట్టుకొని, ఫిరంగిబొమ్మను ముద్రగా తగిలించి, తమ బండి తుపాకివలె చేయబడినదని చాటింపు వేసిరి. 1932లో దానికి తూటా అను అర్థముగల బుల్లెట్టు అను పేరు పెట్టిరి. 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థ వెలసి, తిరువొత్తియూరున బండ్లు కూర్చబడినవి. మన సైన్యమువారును, పోలీసువారును, తరువాత మన డెల్టా మోతుబరి రైతులును వానిని ఆదరించిరి. రైతు పొలిమేర దాటకమున్నే ఆయన వచ్చుచున్నాడని పాలేళ్ళకు తెలియుచుండెను. ఆ ఒక్క సౌకర్యమువలన పాలేళ్ళకు కలిగిన మేలును ఎవ్వరును గణింపలేదు. 1970 నాటికి రెడిచ్‌లో బండ్ల తయారీ నిలిచిపోయెను. మద్రాసులో నిలువలేదు. 1977 నుండి మన బుల్లెట్టులే ఇంగ్లండునకు ఎగుమతి యగుచు వచ్చినవి. దొరల పౌరుషము దొరలకే మనము ఓడమీద నెక్కించి అమ్మిన ఈ ముచ్చట మాకు మిక్కిలి ప్రీతికరమైనది. 2000వ సంవత్సరప్రాంతమున ఈ వ్యాపారమును మూసివేయుదమా యని యజమానులు తలచిన మాటయు నిజమే. 2024-25 ఆర్థిక సంవత్సరమున అమ్మిన బండ్లు పదిలక్షలు దాటిన మాటయు నిజమే. ఇంతమంది కొన్నవారిలో ఎందఱికి బండి కావలెను, ఎందఱికి యౌవనము కావలెను అని వేఱుచేసి లెక్కించిన గుమాస్తా లేడు.

వర్తకులకు మాత్రము ఆ లెక్క తెలియును. 2001లో బజాజువారు పల్సరు అను బండిని విపణికి తెచ్చుచు, ఇది నిస్సందేహముగా మగదియే అను అర్థము వచ్చునట్లు ఆంగ్లమున ప్రకటించిరి. చిన్నయసూరిగారు జీవించియున్నచో ఆ ప్రకటనను ఎఱ్ఱసిరాతో దిద్దియుందురు. మన భాషయందు బండి అమహత్తు. పల్సరు వచ్చినది, పోయినది, చెడినది అనవలసినదే గాని, పల్సరు వచ్చినాడనుట ఏ తెలుగువానికిని నోరాడదు. వ్యాకరణము ఒప్పకున్నను వ్యాపారము ఒప్పినది. బండ్లు విరివిగా నమ్ముడుపోయినవి. కొన్నియేండ్లకు మఱియొక సంస్థవారు ఆడపిల్లల స్కూటరునకు ప్రకటన చేయుచు, మగపిల్లలకే ఈ సరదాయంతయు నెందులకని అడిగిరి. మగవాని కొక మాట, ఆడుదాని కొక మాట చెప్పి ఇరువురకును ఇంజనులు అమ్మిన వర్తకుని మేము నిందింపము. అతని వృత్తి యది.

నిందింపవలసినది మన మర్యాదలను. తెలుగుదేశమున మోటారు సైకిలును పురుషత్వమునకు గుర్తుగా మొదట కొన్నవాడు అనేక గృహములలో ఆ పురుషుడు కాడు, అతని మామగారు. అలకపాన్పుపై కూర్చుండిన అల్లుడు పూర్వము వాచీ అడిగెను, తరువాత రాజదూతు నడిగెను, యెజ్డీ నడిగెను, బుల్లెట్టు నడిగెను. వరకట్న నిషేధచట్టము 1961లోనే వచ్చినది గాని అలకపాన్పు ఆ చట్టమును చదువలేదు. అరయెకరము తాకట్టు పెట్టి మామగారు కొనియిచ్చిన బండిపై మీసము మెలివేయుచు ఊరేగినవాడు, ముప్పదియేండ్ల తరువాత తన సొంత సొమ్ముతో బండి కొనుట ఒక విధముగా ప్రాయశ్చిత్తమే. ఆ మాత్రపు పుణ్యమును మేము కాదనము. 2021లో ఒక తెలుగుపాట పుణ్యమా యని పెండ్లి ఊరేగింపులలో పెండ్లికూతుండ్రే బుల్లెట్టు బండిని గూర్చి నృత్యము చేసిరి. వరులు ఆ యుత్సాహమును చూచి ఉప్పొంగిరి. బండి వెల ఎవరు చెల్లించిరను సంగతి పాటలో లేదు.

జపానుదేశమున హోండాగారు ఈ విషయమున మనకంటె లోకజ్ఞులు. 1958లో ఆయన సంస్థ సూపర్ కబ్ అను చిన్నబండిని తయారుచేసినది. ఒకచేత సేమ్యా పళ్ళెరముల దొంతి పట్టుకొని రెండవచేతితో నడుపుకొను పూటకూళ్ళ కుఱ్ఱవానికి కూడ వీలుగా నుండవలెనని క్లచ్చి మీట తీసివేసిరి. కాలెత్తి దాటవలసిన పనిలేదు, నడుమనుండి అడుగు పెట్టవచ్చును. ఎవరి పౌరుషమును నిరూపింపని ఆ బండి 2017 నాటికి పదికోట్లు తయారైనది. మోటారుతో నడచు వాహనములలో ఏ యొక్క నమూనాయు ఇంత సంఖ్యకు చేరలేదు.

ఇక దేహము సంగతి. నలువదియేండ్లకు కంటికి వచ్చు మాంద్యమునకు మన పెద్దలు చత్వారమని పేరుపెట్టిరి. ఆ పేరులోనే లెక్క యున్నది గనుక దాచుటకు వీలులేదు. అటుపైన కనుపాప రాత్రివేళ చాలినంత విప్పారదు. ఎదుటిలారీ దీపము కన్నులలో పడినపుడు తేఱుకొనుటకు కుఱ్ఱవానికంటె ఎక్కువసేపు పట్టును. పిడికిలి పట్టు సడలును. మెడ వెనుకకు తిరుగనని మొరాయించును. వీనిలో ఏదియు సిగ్గుపడవలసినది కాదు. అసలైన యవమానము వేగములో నుండదు, నిలుకడలో నుండును. నేటి బుల్లెట్టు బరువు 195 కిలోలు. పరుగులో అది పూలరథమే. ఏటవాలు నేలపై, ఇసుకలో, పెట్రోలుబంకు ముందఱ ఒక్క జానెడు ప్రక్కకు వాలినచో దానిని ఆపుట భీమునికి తగిన పని. అది మెల్లగా నేలకొరగుచుండగా, విడిచిపెట్టినచో బండి చెడును, విడిచిపెట్టనిచో నడుము విఱుగును అను ధర్మసందేహములో చిక్కిన పెద్దమనిషి ముఖము చూడవలసినదే. చుట్టునున్న నలుగురు కుఱ్ఱవాండ్రు వచ్చి లేవనెత్తి, అంకుల్, దెబ్బ తగులలేదుగదా యందురు. తగిలినది నడుమునకు కాదు, ఆ సంబోధనచేత తగిలినది! 112 కిలోల స్ప్లెండరు పై కూర్చుండినచో ఈ నాటకమంతయు లేదు. కాని స్ప్లెండరును చూచి ఎవ్వరును మెడ త్రిప్పరని మన యయాతి చింత.

వయస్సును గూర్చి మొగమోటము లేక చెప్పునది ప్రభుత్వము వారి చట్టమొక్కటే. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, ముప్పదియేండ్లలోపువానికి లైసెన్సు నలువదవ యేటివఱకు చెల్లును. ముప్పదికి ఏబదికి నడుమవానికి పదేండ్లు. ఏబది నిండి ఏబదియైదు నిండనివానికి అఱువదవ యేటివఱకు. ఆపైన అయిదేసి యేండ్లు మాత్రమే. ఇంతకంటె సత్యవాది యగు జ్యోతిష్కుని మేము చూడలేదు. అయినను లైసెన్సు పుస్తకము ముసలితనము వచ్చుచున్నదని చెప్పుచున్నదే గాని, బండి దిగుమని చెప్పుటలేదు. ఈ సూక్ష్మమును పెద్దమనుష్యులు గ్రహింపవలెను.

దిగకుండుటకు ఉపాయములు కలవు. చ్యవన మహర్షికి ముసలితనము పోగొట్టిన అశ్వినీదేవతల రథమునకు మూడుచక్రములని ఋగ్వేదమే చెప్పుచున్నది. వైద్యులైన దేవతలే నిలుకడకు మూడవచక్రము నెన్నుకొనిరన్నమాట. అమెరికాలోని హార్లీ డేవిడ్‌సన్‌వారు ఋగ్వేదము చదివిరో లేదో గాని, 2009 నమూనాగా ట్రై గ్లైడ్ అను మూడుచక్రముల బండిని తెచ్చిరి. అక్కడి వృద్ధులు దానినెక్కి సంకోచము లేక దేశమంతయు తిరుగుచున్నారు. మనవారు మూడుచక్రముల మాటయెత్తినచో, మాకు ఆటో కొనిపెట్టెదరా యని కోపింతురు.

పాటింపని జాగ్రత్త ఎంత వెలకు వచ్చునో తెలిసికొనుటకు ఒక్క చరిత్ర చాలును. అరేబియాలో బ్రిటిషువారి పక్షమున పనిచేసి కీర్తిపొందిన కర్నల్ లారెన్సు బ్రఫ్ సుపీరియర్ బండ్లనిన ప్రాణము పెట్టెడివాడు. 1935 మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్టులో, సైకిళ్ళపై పోవుచున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడి, ఆరుదినములకు మరణించెను. వయస్సు 46. ఎడారియందు తుర్కుల తుపాకులకు దొరకని శిరస్సు పల్లెబాటకు దొరికినది. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఆ దుఃఖమును ఊరక పోనీయక, మోటారు సైకిలు ప్రమాదములలో తలకు తగులు గాయములను సంవత్సరములకొలది పరిశీలించి 1941లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే బ్రిటిషు సైన్యమున మోటారు సైకిలు నడుపువారికి హెల్మెట్టు విధియైనది. నేడు మన తలపై నున్నది ఒక విధముగా లారెన్సుగారి ఆస్తి.

ఉన్నదనుట కొంత సాహసమే. 2022లో మనదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణాశాఖ ప్రకటించినది. అందులో నూటికి నలువదినలుగురకు పైగా ద్విచక్రవాహనములపై నున్నవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. ఈ యంకెల ముందు పరిహాసము చెల్లదు. వీరిలో నధికులు పడుచువారు. పడుచువారికి దారిచూపవలసిన పెద్దవాడు, క్రొత్తగా రంగువేసికొన్న జుట్టు నలుగునని హెల్మెట్టును పెట్రోలు టాంకుపై పెట్టుకొని పోవుచున్నాడు. టాంకునకు మెదడు లేదు. మోచేతికి తగిలించుకొని పోవువారును కలరు. కొడుకు అది చూచినాడు. రేపు వాడును మోచేతికే తగిలించును. తండ్రి తన మగతనమును చూపుకొనుటకు చేసిన ఈ చిన్న పని కొడుకునకు కట్నము క్రింద సంక్రమించునది. పూరువు తండ్రికి యౌవనము నిచ్చెను. మన యయాతులు కొడుకుల యౌవనమును ఈ విధముగా పుచ్చుకొనరాదు.

వెనుక కూర్చుండు గృహిణిని గూర్చి ఎవ్వరును ఆలోచింపలేదు. బండిపై కూర్చున్న ప్రతివారికిని హెల్మెట్టు కావలెనని చట్టము 129వ సెక్షను చెప్పుచుండగా, ఇంటిలో ఒక్క హెల్మెట్టే యుండును, అది అయ్యగారిది. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989లోని 123వ నిబంధన, వెనుకవారికి చేతిపట్టును, కాలు మోపు మెట్టును, చీర చక్రములో చుట్టుకొనకుండ అర్ధచక్రమును కప్పు గార్డును ఉండవలెనని శాసించుచున్నది. మన నడివయస్సు వీరుడు అంగడినుండి బండి తెచ్చిన మఱునాడే అందము చెడినదని విప్పించు మొదటి వస్తువు ఆ చీర గార్డే. ఇట్టివారికి మేము చెప్పునది ఇంతే: బేరము కుదుర్చుకొనక మునుపు ఇంటావిడను అంగడికి తోడ్కొనిపోయి, వెనుక కూర్చుండబెట్టి, ఆమె కాలు మెట్టున కందుచున్నదా, చేతికి పట్టు దొరకుచున్నదా యని అడుగుడు. అందకున్నచో, ఆ ప్రక్కనే నిలిపియున్న స్కూటరు వెల కనుగొనుడు.